ట్యాలీనా, జోహో బుక్సా, వ్యాపార్ యాపా, మార్గా? చిన్న వ్యాపారానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలనుకున్న వాళ్లు సాధారణంగా నాలుగు కంపెనీల ఫీచర్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. దాంతో తేలేది తక్కువ. జీఎస్‌టీ బిల్లు, స్టాకు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు కావాల్సిన పత్రం), జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) అని అందరూ రాస్తారు, నిజంగానే అందరి దగ్గరా ఉంటాయి. అసలు తేడా మూడు ప్రశ్నల దగ్గర వస్తుంది. మీ బిల్లు ఎక్కడ పుడుతోంది? దాన్ని ఎవరు కొడుతున్నారు? ఆ లెక్క ఆడిటర్ దగ్గరికి ఏ రూపంలో చేరుతోంది?

మెడికల్ షాపులో బిల్లు కౌంటర్ మీద పుడుతుంది. ఎదురుగా నలుగురు నిలబడి ఉంటారు, బిల్లు కొట్టే కుర్రాడికి అకౌంట్స్ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఎఫ్ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకు) డిస్ట్రిబ్యూటర్‌కి ఆర్డరు లైన్ మీద తిరిగే సేల్స్‌మన్ ఫోన్లో పుట్టి, బిల్లు రాత్రికి గోడౌన్లో పడుతుంది. నెలకు పాతిక ఇన్‌వాయిస్‌లు చేసే హైదరాబాద్ సర్వీసు కంపెనీకి బిల్లు ఓనరు ల్యాప్‌టాప్‌లో పుడుతుంది. ఈ ముగ్గురికీ ఒకే సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరైనా చెబితే, ఆయన అమ్మేది అదొక్కటే అని అర్థం.

ముందు మీకు ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోండి

సరుకు అమ్మేవాళ్లకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మేవాళ్లు ఈ పరిమితి చూసి ఊరుకోకూడదు. వాళ్లకు టర్నోవర్‌తో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. కోదాడ దుకాణం జగ్గయ్యపేట పార్టీకి పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న దుకాణానికి పూర్తి స్థాయి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉద్దర ఖాతాలు, స్టాకు చూసుకోవడానికి ఫోన్ యాప్ చాలు.

కాంపొజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే తేలిక పద్ధతిలో ఉన్న వ్యాపారి టర్నోవర్ పరిమితి 1.5 కోట్లు. ఆయన ఇచ్చేది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. దాని మీద పన్ను విడిగా చూపకూడదు, వసూలు చేయకూడదు. సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ తెరిచేటప్పుడే ‘కాంపొజిషన్’ అని పెట్టకపోతే అది సీజీఎస్‌టీ (కేంద్రం వాటా పన్ను), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా పన్ను) వేసి ప్రింటు చేసేస్తుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అయినా జవాబు చెప్పాల్సింది మీరే.

టర్నోవర్ 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాది 5 కోట్లు దాటినా, రిజిస్టర్డ్ పార్టీలకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఈ హద్దు 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కి వెళ్లి, 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ గుర్తింపు నంబరు), క్యూఆర్ కోడ్‌తో తిరిగి రావాలి. రద్దు చేయాలంటే 24 గంటల్లోపే, ఆ తర్వాత క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఒక్కటే దారి. 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంకో గడువు కూడా ఉంది: బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో పోర్టల్‌లో పెట్టకపోతే అది తీసుకోదు. ఈ పరిధిలో ఉన్నవాళ్లకు బిల్లు తెర మీదే ఒక్క మీటతో ఐఆర్‌ఎన్ తెచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి. ఫైలు దించి, పోర్టల్‌లో ఎక్కించి, మళ్లీ తెచ్చుకునే పద్ధతి రోజుకు ఐదారు బిల్లుల వరకే నడుస్తుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు ఇంకో షరతు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదవ్వాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. కంపెనీ ఎంత చిన్నదైనా మినహాయింపు లేదు. ట్యాలీ కొనే కంపెనీలు ఎడిట్ లాగ్ ఉన్న రకాన్నే వేయించుకోవాలి. పుస్తకాలు ఎక్సెల్‌లో రాసుకుని ఏడాది చివర ఆడిటర్‌కి పంపే పద్ధతి కంపెనీలకు ఇక చెల్లదు. ప్రొప్రయిటర్లకూ, భాగస్వామ్య సంస్థలకూ ఈ షరతు లేదు.

ట్యాలీ ప్రైమ్

తెలుగు రాష్ట్రాల్లో ట్యాలీకి ఉన్న పెద్ద బలం సాఫ్ట్‌వేర్ లోపల లేదు, బయట ఉంది. మండల కేంద్రంలో కూడా ట్యాలీ నేర్చుకున్న గుమాస్తా దొరుకుతాడు. ఆడిటర్ ఆఫీసులో అందరికీ అది చేతికి అలవాటు. మీ అకౌంటెంట్ ఉన్నట్టుండి మానేస్తే రెండు రోజుల్లో ఇంకొకరు వచ్చి కూర్చోగలరు. చిన్న వ్యాపారానికి దీని విలువ చాలా ఎక్కువ, ఏ ఫీచర్ల జాబితాలోనూ కనబడదు.

పని అంతా కీబోర్డు మీదే నడుస్తుంది. చేయి తిరిగిన మనిషి మౌసు ముట్టుకోకుండా కొనుగోలు బిల్లులు వరసగా ఎక్కించేస్తాడు. లెడ్జర్లు (ఖాతాలు) ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. బిల్లువారీ బాకీలు, గోడౌన్‌వారీ స్టాకు, బ్యాంకు సరిచూడటం గట్టిగా ఉంటాయి.

ఇబ్బందులు కూడా తెలుసుకోండి. సిల్వర్ లైసెన్స్ ఒక కంప్యూటర్‌కే. ఇద్దరు ఒకేసారి పని చేయాలంటే గోల్డ్ కావాలి, ధర దాదాపు మూడు రెట్లు. ఓనరు ఒకరు, గుమాస్తా ఒకరు, కౌంటర్ ఒకటి ఉన్న దుకాణం సిల్వర్ ధర చూసి దిగి, ఆర్నెల్లలో గోల్డ్‌కి మారాల్సి వస్తుంది. కొన్న లైసెన్స్ శాశ్వతమే కానీ, కొత్త వెర్షన్లు, జీఎస్‌టీ మార్పులు రావాలంటే ఏటా రెన్యూవల్ కట్టాలి. డేటా మీ కంప్యూటర్లోనే ఉంటుంది కాబట్టి బ్యాకప్ బాధ్యత పూర్తిగా మీదే. కౌంటర్లో బార్‌కోడ్‌తో గబగబా చిల్లర బిల్లులు కొట్టడానికి ట్యాలీ తెర అనువైనది కాదు. అందుకే చాలా సూపర్‌మార్కెట్లు బిల్లింగ్ వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసి, రోజు మొత్తం మాత్రం ట్యాలీకి పంపుతాయి.

క్రాక్ చేసిన ట్యాలీ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అది వాడకండి. జీఎస్‌టీ మార్పులు రావు, ఈ-ఇన్‌వాయిస్ నడవదు. ఆ క్రాక్ ఫైలుతో పాటు ఏం లోపలికి వచ్చిందో మీకు తెలియదు. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు ఈ దారిన కూడా వస్తాయి.

జోహో బుక్స్

సేవలు అమ్మేవాళ్లకు, అంటే డిజైన్ స్టూడియో, కన్సల్టెన్సీ, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, కోచింగ్ సెంటర్, ఏఎంసీలు (ఏడాది నిర్వహణ ఒప్పందాలు) చేసే సర్వీసు సంస్థలకు మొదట చూడమని చెప్పేది ఇదే. బ్రౌజర్‌లో నడుస్తుంది. ఓనరు వైజాగ్‌లో, అకౌంటెంట్ హైదరాబాద్‌లో ఉన్నా ఒకే పుస్తకం. ఆడిటర్‌కి విడిగా లాగిన్ ఇస్తే ఆయనే వచ్చి చూసుకుంటారు, పెన్‌డ్రైవులు పంపుకునే పని ఉండదు. నెలనెలా వెళ్లే బిల్లులు దానంతటవే తయారవుతాయి, బాకీ ఉన్న పార్టీకి గుర్తుచేసే మెయిళ్లు వెళ్తాయి. ఎవరు ఏం మార్చారో నమోదవుతుంది కాబట్టి ప్రైవేట్ లిమిటెడ్‌లకు ఆ చింత లేదు. టర్నోవర్ బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఉచిత ప్లాన్ ఉంది, దాని హద్దులు మాత్రం చేరే రోజున చూసుకోండి.

సరుకు వ్యాపారానికి వచ్చేసరికి ఆలోచించాలి. రోజుకు 80 కొనుగోలు, అమ్మకం బిల్లులు ఎక్కించే గుమాస్తాకి ట్యాలీ చేతివేగం ఇందులో రాదు. ప్రతి పేజీ తెరుచుకునే ఆ రెండు సెకన్లే సాయంత్రానికి బరువవుతాయి. స్టాకు లోతుగా కావాలంటే పై ప్లానో, విడి ఇన్వెంటరీ ఉత్పత్తో తీసుకోవాలి. నెట్ పోతే బిల్లు ఆగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవడం తప్పనిసరి. ఇంకొకటి, ఇది చందా. చందా ఆపినప్పుడు పాత పుస్తకాలు చదవడానికైనా దారి ఉంటుందా, డేటా ఎన్నాళ్లు ఉంచుతారు, పూర్తిగా దించుకోవడం ఎలా అన్నవి డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

వ్యాపార్, మైబిల్‌బుక్ లాంటి ఫోన్ యాప్‌లు

హార్డ్‌వేర్ షాపు, స్టేషనరీ, చిన్న ఎలక్ట్రికల్ దుకాణం, ఇంటి దగ్గర పచ్చళ్లు చేసి అమ్మేవాళ్లు ఒక్క సాయంత్రంలో మొదలుపెట్టగలిగేవి ఇవి. బిల్లు కొట్టి వాట్సాప్‌లో పంపడం, రెండు అంగుళాల బ్లూటూత్ ప్రింటర్‌లో చీటీ తీయడం, ఎవరు ఎంత బాకీ అని చూడటం, ఈ మూడూ బాగా చేస్తాయి. డెబిట్, క్రెడిట్ అనే మాట తెలియకపోయినా నడుస్తుంది.

ఏడాది చివరే చిక్కు వస్తుంది. యాప్‌లో అమ్మకాలు పక్కాగా ఉంటాయి. ఖర్చులు, అప్పులు, ఓనరు సొంతానికి వాడుకున్న డబ్బు, బ్యాంకు వడ్డీ మాత్రం సగమే ఉంటాయి. ఆడిటర్ గారు అంతా మళ్లీ ట్యాలీలో ఎక్కించి, ఆ పనికి విడిగా తీసుకుంటారు. ట్యాలీకి డేటా పంపే సౌకర్యం మీరు కొనే ప్లాన్‌లో ఉందా, లేక పై ప్లాన్‌లో ఉందా అని ముందే చూడండి. రెండో ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో అదే డేటా కనబడాలంటే కూడా చాలాసార్లు వేరే ధర ఉంటుంది. ఫోన్ పోతే డేటా పోతుందా లేదా అన్నది కొన్న రోజే తేల్చుకోండి. ఇంకో ఫోన్‌లో లాగిన్ అయి, నిన్నటి బిల్లు వస్తుందో లేదో చూస్తే చాలు.

మార్గ్, బిజీ

మందుల వ్యాపారానికి మార్గ్ దాదాపు అలవాటు సాఫ్ట్‌వేర్ అయిపోయింది. దానికి కారణం ఉంది. ఒకే మందు నాలుగు బ్యాచ్‌లుగా వస్తుంది, ఒక్కో బ్యాచ్‌కి ఎంఆర్‌పీ వేరు, ఎక్స్‌పైరీ వేరు. పెట్టెగా కొని స్ట్రిప్పుగా అమ్ముతారు, ఒక్కోసారి నాలుగు మాత్రలు విడిగా ఇవ్వాలి. 10 కొంటే 1 ఉచితం లాంటి స్కీములు, ఎక్స్‌పైరీ సరుకు వాపసు, షెడ్యూల్ హెచ్1 మందులకు డాక్టరు పేరు, పేషెంటు పేరు రాసి మూడేళ్లు ఉంచాల్సిన రిజిస్టరు, ఇవన్నీ మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి తలకు మించిన పని. డిస్ట్రిబ్యూటర్ పంపిన బిల్లు ఫైలును నేరుగా కొనుగోలుగా తీసుకోగలగడం వల్ల గంటల టైపింగ్ తగ్గుతుంది. తెరలు మాత్రం ఇరుకుగా, సెట్టింగులతో నిండి ఉంటాయి. నేర్చుకోవడం ఎలా ఉంటుందన్నది మీ ఊరి డీలర్ ఎంత ఓపికగా నేర్పుతాడన్న దాని మీదే ఉంటుంది.

బిజీ అనే సాఫ్ట్‌వేర్, ట్యాలీ కంటే స్టాకు వైపు కొంచెం మొగ్గుతుంది. ఒకే సరుకును కిలోల్లోనూ, బస్తాల్లోనూ చూసుకోవాల్సిన హోల్‌సేల్ వాళ్లకు నప్పుతుంది. మన దగ్గర దాన్ని తెలిసిన గుమాస్తాలు తక్కువ. కొనేముందు మీ ఊళ్లో ఇద్దరైనా వాడేవాళ్లున్నారా అని చూడండి.

ఫ్యాక్టరీ పెట్టి, ముడిసరుకు నుంచి తయారైన సరుకు దాకా లెక్క కావాలనుకునేవాళ్లు ఈఆర్‌పీ నెక్స్ట్, ఓడూ అనే సాఫ్ట్‌వేర్ల పేర్లు వింటారు. రెండింటికీ ఉచిత ఓపెన్ సోర్స్ రూపం ఉంది. ఓడూ ఉచిత రూపంలో పూర్తి అకౌంటింగ్ ఉండదు, ఇన్‌వాయిసింగ్ వరకే. ఉచితమన్నది లైసెన్స్ మటుకే. సర్వరు, అమర్చే మనిషి, మీ పద్ధతికి మలచడం కలిపితే ఖర్చు ట్యాలీ గోల్డ్‌ని దాటిపోవచ్చు. ఆఫీసులో ఒకరు పూర్తి సమయం దీని మీద కూర్చోగలిగితేనే దిగండి.

మీ ఊరి డెవలపర్ రాసిన సాఫ్ట్‌వేర్

పెద్ద పేర్ల మధ్య దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు. అది సరి కాదు. కొన్ని వ్యాపారాలకు బాగా కుదిరేది ఇదే.

మిర్చి కమీషన్ వ్యాపారినే తీసుకోండి. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక్కో దాని తూకం, గోతం బరువు తరుగు, కమీషన్, హమాలీ, కాటా ఖర్చు, సీజను మొదట్లో ఇచ్చిన అడ్వాన్సు, దాని మీద వడ్డీ, అన్నీ పోను రైతు చేతికి ఎంత. తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద ఇవన్నీ తెలుగులో రావాలి, రైతు చదువుకోగలగాలి. ఇంత పనిని ట్యాలీలో చేయించడం కష్టం, విడిగా ప్రోగ్రాం రాయించాలి. గుంటూరు, ఖమ్మం, వరంగల్ లాంటి మార్కెట్ ఊళ్లలో ఈ పని తెలిసిన డెవలపర్లు ఉంటారు. బంగారం కొట్టుదీ అదే పరిస్థితి. ఆ రోజు రేటు, తరుగు, మజూరీ, రాళ్ల బరువు తీసేయడం, పాత బంగారం మార్పిడి, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగకు తప్పనిసరైన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (నగ గుర్తింపు కోడు), అన్నీ ఒకే బిల్లు మీదకు రావాలి. రైస్ మిల్లులు, చిట్‌ఫండ్‌లు కూడా ఈ కోవలోవే.

ఎరువుల దుకాణానికి మరో చిక్కు ఉంది. సబ్సిడీ ఎరువు అమ్మకం ప్రభుత్వ పీఓఎస్ యంత్రంలో కొట్టి తీరాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో కొట్టేది రెండో నమోదు. రెండు స్టాకులూ రోజు చివర కలవాలి. అందుకే బస్తాల రోజువారీ లెక్క ఒక్క పేజీలో చూపే సాఫ్ట్‌వేర్ వీళ్లకు ముఖ్యం, మిగతావన్నీ తర్వాతే.

ప్రమాదం ఏమిటంటే, ఈ సాఫ్ట్‌వేర్ ఒక మనిషి మీద నిలబడి ఉంటుంది. ఆయన ఊరు మారినా, ఉద్యోగంలో చేరినా మీ పుస్తకం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అడగాల్సినవి అడగండి. డేటా ఏ డేటాబేస్‌లో ఉంది, దాని పాస్‌వర్డు మీకు ఇస్తారా? పార్టీలు, సరుకులు, బిల్లులు అన్నీ ఎక్సెల్‌లోకి ఒకేసారి వస్తాయా? జీఎస్‌టీఆర్-1 ఫైలు పోర్టల్ తీసుకునే రూపంలోనే వస్తుందా? చివరిసారి రేట్లు మారినప్పుడు ఎన్ని రోజుల్లో మార్పు ఇచ్చారు? ఈ చివరి ప్రశ్నకు ఆయన పాత కస్టమర్ చెప్పే జవాబే నమ్మదగింది.

డెమో చూడకండి, పది బిల్లులు కొట్టించండి

డెమోలో చూపించేది ఎప్పుడూ తేలికైన బిల్లే. మీ పాత బిల్లు పుస్తకంలోంచి కష్టమైనవి పది ఏరి, అమ్మేవాళ్ల ముందే, రేపు నిజంగా బిల్లు కొట్టబోయే మనిషి చేత కొట్టించండి. ఏరేటప్పుడు ఇవి ఉండేలా చూసుకోండి.

5 శాతం సరుకు, 18 శాతం సరుకు కలిసిన బిల్లు ఒకటి. పక్క రాష్ట్రం పార్టీకి ఒకటి. మన రెండు రాష్ట్రాల సరిహద్దు వ్యాపారులకు ఇది రోజూ ఉండే పనే. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. నంబరు కొట్టగానే రాష్ట్రం దానంతటదే మారాలి. గుమాస్తా చేత్తో రాష్ట్రం ఎంచే పద్ధతి ఉంటే, ఖమ్మం నుంచి విజయవాడకు వెళ్లిన బిల్లుకు ఐజీఎస్‌టీ (అంతర్రాష్ట్ర అమ్మకం మీద పడే పన్ను) బదులు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడే రోజు వచ్చి తీరుతుంది.

పన్నుతో కలిపిన ధరకు అమ్మే బిల్లు ఇంకొకటి. పన్నుతో కలిపి 100 రూపాయల సరుకు, 18 శాతం. పన్ను లేని విలువ 84.75, సీజీఎస్‌టీ 7.63, ఎస్‌జీఎస్‌టీ 7.63. కూడితే 100.01. ఆ ఒక్క పైసాను సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూడండి. రౌండాఫ్ లెడ్జర్‌లో వేసి మొత్తం 100 చూపితే సరే. ఎంఆర్‌పీ దాటి 100.01 అని ప్రింటు చేస్తే వద్దు.

10 కి 1 ఉచితం స్కీమున్న బిల్లులో స్టాకు 11 తగ్గాలి, విలువ 10 కే పడాలి. పెట్టెగా కొన్న దాన్ని విడిగా అమ్మిన బిల్లు, సగం నగదు సగం యూపీఐతో కట్టిన బిల్లు, లారీ కిరాయి కలిపిన బిల్లు పెట్టండి. ఒక బిల్లు రద్దు చేయించండి. ఆ నంబరు రద్దయినట్టుగా జాబితాలో కనబడాలి, మాయమైపోకూడదు.

అమ్మకం వాపసు బిల్లును పాత తేదీది తీసుకోండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకులు ఎక్కువ భాగం 5 కీ 18 కీ వచ్చాయి. ఆ తేదీకి ముందు 12 శాతానికి అమ్మిన సరుకు తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోట్ 12 శాతానికే పడాలి. సరుకు రేటును తేదీతో సహా దాచుకునే సాఫ్ట్‌వేర్ ఈ పని అడగకుండానే చేస్తుంది. ఒకే రేటు గడి ఉన్నది పాత బిల్లుకూ కొత్త రేటు వేస్తుంది, లేదా అదే సరుకును రెండు పేర్లతో పెట్టుకోమంటుంది.

బిల్లు నంబరు కూడా చూడండి. జీఎస్‌టీ నిబంధన ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు. మూడక్షరాల ఊరి కోడు, ఒక గీత, 2025-26, ఇంకో గీత, ఐదంకెల నంబరు పెడితే 17 అవుతుంది. ఏడాదిని 25-26 అని రాస్తే 15, సరిపోతుంది. ఎక్కువైనప్పుడు సాఫ్ట్‌వేర్ అక్కడే ఆపాలి. ఆపకపోతే నెలంతా అదే నంబరింగ్‌తో బిల్లులు వెళ్లిపోయాక పోర్టల్ తిప్పికొడుతుంది.

పది బిల్లులూ అయ్యాక జీఎస్‌టీఆర్-1 తీయించి, మీరు కాగితం మీద వేసిన లెక్కతో పోల్చండి. 2025 జులై నుంచి పన్ను కట్టే రిటర్ను జీఎస్‌టీఆర్-3బిలో అమ్మకాల పన్ను జీఎస్‌టీఆర్-1 నుంచి వచ్చి పడుతుంది, అక్కడ చేత్తో దిద్దడానికి లేదు. ముందు తప్పు పోయినదాన్ని చివర్లో సర్దుకునే పాత అలవాటు ఇక చెల్లదు. కొనుగోళ్లు జీఎస్‌టీఆర్-2బితో (సరఫరాదారులు చూపిన బిల్లుల నుంచి పోర్టల్ ఇచ్చే జాబితాతో) సరిచూసే పద్ధతి కూడా చూడండి. సరఫరాదారు 0123 అని రాసి, మీ గుమాస్తా 123 అని ఎక్కిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండింటినీ వేర్వేరు బిల్లులుగా చూపి వందల తేడాలు తీస్తాయి. దగ్గరగా ఉన్న నంబర్లను జత చేసి ‘ఇదేనా’ అని అడిగేది మేలు.

ధర కాదు, మూడేళ్ల ఖర్చు

లైసెన్స్ లేదా చందా, ఏటా రెన్యూవల్, రెండో యూజరు, డేటా మార్పిడికి డీలర్ తీసుకునేది, బిల్లు నమూనా మార్చడానికి తీసుకునేది, ప్రింటరు, స్కానరు. ఇవన్నీ మూడేళ్లకు కలిపి కాగితం మీద వేయండి. సాఫ్ట్‌వేర్ మీద కట్టిన 18 శాతం జీఎస్‌టీ మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లకు ఇన్‌పుట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులోంచి తగ్గి తిరిగొస్తుంది, కాంపొజిషన్ వాళ్లకు రాదు. అందుకే ఇద్దరికీ లెక్క ఒకటి కాదు.

కొటేషన్‌లో కనబడని పెద్ద ఖర్చు మనుషుల సమయం. 1,500 సరుకుల పేర్లు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు వర్గం కోడు), రేటు, ఎంఆర్‌పీ ఎక్కించడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 50 గంటలు. ఎక్సెల్ నుంచి ఒకేసారి తీసుకోగలిగితే ఈ పని బాగా తగ్గుతుంది. రోజుకు 150 బిల్లులు కొట్టే కౌంటర్‌లో ఒక్కో బిల్లుకు 20 సెకన్లు ఎక్కువ పడితే రోజుకు 50 నిమిషాలు. ఏటా నాలుగైదు వేలు తక్కువని నెమ్మదిగా ఉండేదాన్ని కొనడం లాభం కాదు.

సపోర్టు ఎలా ఉందో కొనకముందే పరీక్షించవచ్చు. నెల 10న, అంటే జీఎస్‌టీఆర్-1 గడువుకు ముందు రోజు, సాయంత్రం ఆరింటికి వాళ్ల సపోర్టు నంబరుకు ఫోన్ చేయండి. ఎంతసేపటికి ఎత్తారు, తెలుగులో మాట్లాడారా, ప్రశ్న అర్థమైందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లు వెతికేందుకు జాబితా సైట్లు చాలా ఉన్నాయి. పేర్లు తెలుసుకోవడానికి పనికొస్తాయి. వరసలో పైన ఉన్నది డబ్బు కట్టి అక్కడికి వచ్చి ఉండొచ్చు, ఆ సంగతి మనసులో పెట్టుకోండి. ఫోన్ నంబరు ఇస్తే వారం పాటు ఫోన్లు వస్తాయి. దానికంటే మీ వ్యాపారమే చేసే, మీకంటే కొంచెం పెద్ద దుకాణం ఓనరును, ఆయన దగ్గర బిల్లు కొట్టే మనిషిని విడివిడిగా అడగండి. ఓనరు నచ్చిందంటాడు. రోజూ దానితో పని చేసే మనిషి ఎక్కడ ఆగిపోతుందో చెబుతాడు.

మారేటప్పుడు

ఏప్రిల్ 1 మంచి రోజు. అది దాటిపోతే కొత్త త్రైమాసికం మొదటి రోజున మారండి. నెల మధ్యలో మాత్రం వద్దు, ఒకే రిటర్నుకు రెండు చోట్ల నుంచి లెక్క తీయాల్సి వస్తుంది. పాత బిల్లులన్నీ కొత్తదాంట్లోకి తెచ్చే ప్రయత్నం చేయకండి, ఎక్కువసార్లు అక్కడే తేడాలు పుడతాయి. స్టాకు చేత్తో లెక్కపెట్టి ఎక్కించండి. పార్టీల బాకీలు మొత్తంగా కాకుండా బిల్లువారీగా ఎక్కించండి. మొత్తం 84,300 అని ఒక్క అంకె వేస్తే, పార్టీ వచ్చి ‘ఏ బిల్లుది’ అన్నప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. బిల్లు నంబర్లకు కొత్త సిరీస్ పెట్టండి.

పేర్లు ఎక్కించే ముందు ఒక్క పద్ధతి ఖాయం చేసుకోండి: కంపెనీ, సరుకు, సైజు, ఈ వరసలోనే. లేకపోతే ఒకే సబ్బు మూడు రకాలుగా రాయబడి, ఒక పేరు మీద స్టాకు మైనస్‌లోకి, ఇంకో పేరు మీద అమ్ముడుపోని సరుకుగా కనబడుతుంది. స్టాకు మైనస్‌లోకి వెళ్తే బిల్లు ఆపే సెట్టింగు మొదటి రోజు నుంచే ఆన్ చేయండి. తర్వాత చేద్దామంటే గుమాస్తాలు ఒప్పుకోరు.

పాత సాఫ్ట్‌వేర్ తీసేయకండి. జీఎస్‌టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, కంపెనీలైతే పుస్తకాలు 8 ఏళ్లు ఉంచాలి. పాత లైసెన్స్ ముగిసిపోయేదైతే, అన్ని లెడ్జర్లు, డే బుక్, స్టాకు రిజిస్టరు పీడీఎఫ్‌లోనూ ఎక్సెల్‌లోనూ తీసి రెండు చోట్ల పెట్టండి.

బ్యాకప్ అదే కంప్యూటర్‌లో ఇంకో డ్రైవులో పెడితే అది బ్యాకప్ కాదు, హార్డ్‌డిస్క్ పోతే రెండూ పోతాయి. రోజూ ఒకటి పెన్‌డ్రైవ్‌కి తీసి ఆ పెన్‌డ్రైవ్ పీకేయాలి, ఒకటి ఆన్‌లైన్‌లో ఉండాలి. నెలకోసారి దాన్ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ సంగతి అవసరం పడినప్పుడు తెలిస్తే లాభం లేదు. డీలర్ దూరం నుంచి చూడటానికి పెట్టిన రిమోట్ యాప్‌ని పని అవ్వగానే మూసేయండి, శాశ్వత పాస్‌వర్డు ఇవ్వకండి.

లైసెన్స్ ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ అయిందో డబ్బు కట్టిన రోజే చూడండి. డీలర్ సౌకర్యం కోసం తన మెయిలే పెట్టేస్తుంటాడు. అప్పుడు రెన్యూవల్ నోటీసులు, పాస్‌వర్డు మార్పులు, లైసెన్స్ ఇంకో కంప్యూటర్‌కి మార్చడం అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. డీలర్‌ను మార్చాలనుకున్న రోజున మీ సాఫ్ట్‌వేర్ మీది కాకుండా పోతుంది. అకౌంటెంట్ సొంత మెయిల్ కూడా వద్దు. సంస్థ పేరు మీద ఒక మెయిల్ తెరిచి, దానికి ఓనరు ఫోన్ నంబరు పెట్టి, ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ యూజర్ పేర్లు కూడా అదే మెయిల్‌కి కట్టండి.